పెద్దాపురం నుంచి నరసాపురానికి ఊరికో డబ్బా ఆయిలు

పెద్దాపురం నుంచి నరసాపురానికి బస్సుల్లో వస్తే, రేవుల దగ్గర కాసేపు పడిగాపులు పడ్డా సరే, పొద్దున బయల్దేరినవాడు సాయంత్రం కాఫీకి ఇల్లు చేరతాడు. నేను సొంత మోటారు సైకిలు మీద మూడు రోజులు వచ్చాను. ఈ మాట చెబితే మా ఆఫీసులో ఎవరూ నమ్మలేదు. దారి పొడుగునా చుట్టాలిళ్ళు ఉండి ఉంటాయన్నారు. ఒక్క చుట్టం లేడు. ఉన్నదల్లా ఇంజన్లో నల్లటి ఆయిలు, వెనక సీటు మీద పేర్రాజుగారు. ఆ రెండింటితో గోదావరి పాయలు దాటితే ఎలా ఉంటుందో, ఆ వైపు వెళ్ళనివాళ్ళ కోసం రాస్తున్నాను.

ముందు బండి ఎందుకో చెప్పాలి. తొంభైల చివరి మాట. నేను నరసాపురంలో లేసు అల్లికలు ఎగుమతి చేసే ఒక కంపెనీలో గుమాస్తాని. నా భార్య శారదకి ఆ ఏడే టీచరు ఉద్యోగం వచ్చింది. వచ్చిందని వీధంతా మిఠాయి పంచాం. పంచిన తర్వాత తెలిసింది, ఊరు ఎక్కడో సముద్రం ఒడ్డున అని. బడి గంట కొట్టే వేళకి అందుకునే బస్సు ఒక్కటీ లేదు. ఆ ఊళ్ళో వాళ్ళ పిన్నిగారున్నారు. "వారమంతా పిన్ని దగ్గరుండి ఆదివారాలు వస్తానండి" అంది శారద. మాకు పెళ్ళయి అప్పటికి ఏడాది కాలేదు. బండి కొంటాను, రోజూ నేనే దింపి నేనే తెచ్చుకుంటాను అన్నాను.

శారద నన్ను ఎగాదిగా చూసింది. "సైకిలు చైను ఊడితే రిక్షాలో వేసుకొచ్చే మనిషి మీరు. సరే, కొనండి. బడి తెరిచేది సోమవారం. ఆదివారం సాయంత్రం బస్సు వేళ లోపల మీరు బండి నడుపుకుంటూ మన గుమ్మం ముందుకొస్తే నేను ఎక్కడికీ వెళ్ళను. తోసుకుంటూ వచ్చారంటే మాత్రం పెట్టె పట్టుకుని బస్సెక్కుతాను" అంది. అన్నమాట మీద నిలబడే మనిషి. అదే నా భయం.

పెద్దాపురం

పేర్రాజుగారి సంగతి మా ఆఫీసులో ఒకాయన చెప్పాడు. పొలమూ పుట్రా ఉన్న పెద్దమనిషి, బండిని కన్నకూతురిలా చూసుకున్నాడు, కళ్ళు మూసుకుని కొనుక్కోవచ్చు అన్నాడు. నేను నిజంగానే కళ్ళు మూసుకుని వెళ్ళాను.

బండి వసారాలో దుప్పటి కప్పుకుని ఉంది. ఆయన దుప్పటి తీశారు. ఎనిమిదేళ్ళు తిరిగిన బండి, అందులో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. హెడ్‌లైటుకి పసుపూ కుంకుమా, హ్యాండిలుకి నిమ్మకాయ. మా నరసాపురంలో ఇంటికి ఎవరన్నా వస్తే మంచినీళ్ళిచ్చి పనేమిటో కనుక్కుంటాం. అక్కడ పని చెప్పబోతే వినిపించుకోరు. పెసరట్టు ఉప్మా పళ్ళెం చేతిలో పెట్టి, అది అయ్యాక ఇంకో అట్టు వేసి, ఇక నేను కదల్లేనని నిర్ధారణ అయ్యాక "ఇప్పుడు చెప్పండి" అన్నారు. అప్పటికి బేరమాడే ఓపిక నాలో చచ్చిపోయింది.

ఎందుకు అమ్ముతున్నారని అడిగాను.

"మా ఆవిడకి మోకాళ్ళు పోయాయండి. ఎక్కలేకపోతోంది. నేనొక్కణ్ణే వెళ్తుంటే నలుగురూ ఆపి, అమ్మగారేరండి అని అడుగుతున్నారు. ఎంతమందికని చెప్తాం? అందుకని తియ్యడమే మానేశాను. తియ్యని బండి కళ్ళ ముందుంటే ఇద్దరికీ దిగులండి."

నేను కూడా వెనక సీటు కోసమే కొంటున్నానని చెప్పి, శారద పెట్టిన షరతు కూడా చెప్పాను. పేర్రాజుగారి మొహం విప్పారింది. లోపల్నుంచి ఆయన భార్య మెల్లగా గుమ్మం దాకా వచ్చి నన్నోసారి చూసి, తలాడించి వెళ్ళారు. ఆ తలాడింపుతో బండి నాదైపోయింది.

ఒక్క ప్రశ్న మాత్రం తప్పకుండా అడగమని మా ఆఫీసాయన చెప్పాడు. అడిగాను. "ఆయిల్ సంగతేంటండి?"

"ఎనిమిదేళ్ళలో ఒక్కనాడు తగ్గనిచ్చింది లేదండి" అన్నారాయన, ఛాతీ మీద చెయ్యేసుకుని. అంత నమ్మకంగా చెప్పాక ఇంకేం అడుగుతాను?

బయల్దేరబోతుంటే ఆయన చేతిసంచీతో మెట్లు దిగారు. "నేనూ వస్తానండి. అప్పగింతలు లేకుండా ఎలా పంపుతాం? అంతర్వేది స్వామిని చూసి కూడా చాన్నాళ్ళయింది. అసలు మా ఊరి జాతర దాకా ఆగితే మరిడమ్మ తల్లికి చూపించి తీసుకెళ్దురు గానీ."

"సోమవారం బడి తెరుస్తారండి."

"అయితే పదండి అల్లుడుగారూ" అని వెనక ఎక్కేశారు. ఆ పిలుపు ఆయన సరదాకి అన్నారనుకున్నాను. మూడు రోజులూ అదే ఖాయమైంది.

రామచంద్రపురం

ఆ దారి బావుంటుందని అందరూ అంటారు. కాలవ పక్కనే రోడ్డు, అప్పుడే కాలవలకి నీళ్ళొదిలారు, నారుమళ్ళు దున్నుతున్నారు. నేను ఏదీ సరిగా చూడలేదు. నా ప్రాణమంతా ఇంజన్ మీదే ఉంది. ఊరు దాటేసరికి అది గొంతు సవరించుకోవడం మొదలుపెట్టింది. తర్వాత మాడు వాసన. తర్వాత నా కుడికాలు పిక్క కాలడం మొదలైంది.

"ఏంటండి ఈ చప్పుడు?"

"పుట్టింటి నుంచి వెళ్తోంది కదండి. కాసేపు ఏడుస్తుంది" అన్నారు పేర్రాజుగారు.

రామచంద్రపురం పొలిమేరల్లో ఏడుపు ఆగింది. ఇంజనూ ఆగింది. అదృష్టవశాత్తూ ఎదురుగానే రేకుల షెడ్డు, అందులో వీర్రాజు అనే మెకానిక్కు. ఆయనకి నోరూ చెయ్యీ కలిసి పనిచెయ్యవు. మాట్లాడేటప్పుడు పాన పక్కన పెట్టేస్తాడు. పాన పట్టుకోవడం తక్కువ.

ఆయిలు కొలిచే పుల్ల బయటికి తీసి చూసి, పాన పక్కన పెట్టాడు. "ఇది ఆయిలు కాదండి బాబు. కాటిక. సంటిపిల్లలకి దిట్టిచుక్క పెట్టుకోండి."

కింద బోల్టు విప్పాడు. ఏమీ కారలేదు. ముగ్గురం వంగి చూశాం. బోల్టు లేదు, కన్నం ఉంది, కన్నంలోంచి ఏమీ రావడం లేదు. టీ చెప్పి తెప్పించుకు తాగాం. టీ అయ్యాక తాటిబెల్లం పాకం లాంటిదేదో కన్నంలోంచి తొంగి చూసి, దిగనా వద్దా అన్నట్టు వేలాడింది.

"ఆయిలు ఎప్పుడు మార్చారండి?" అన్నాడు వీర్రాజు.

"మార్చడమేంటి?" అన్నారు పేర్రాజుగారు.

"పాతది తీసేసి కొత్తది పొయ్యడమండి."

పేర్రాజుగారు నిటారుగా నిలబడ్డారు. "మా వీధి రామాలయంలో అఖండదీపం మా తాతల కాలం నుంచీ మా ఇంటి బాధ్యతండి. తగ్గినప్పుడల్లా పోస్తాం. ఎండనివ్వం, ఆరనివ్వం. అంతేగానీ ఉన్న నూనె పారబోసి దీపం పెట్టేవాణ్ణి ఎక్కడన్నా చూశారా మీరు? దీన్నీ అలాగే చూసుకున్నానండి. ప్రతి శనివారం పుల్ల తీసి చూడ్డం, తగ్గినంతా పొయ్యడం. ఎనిమిదేళ్ళు."

వీర్రాజుకి నోరూ చెయ్యీ రెండూ ఆగిపోయాయి. నాకు ఒళ్ళు మండింది. గట్టిగా రెండు మాటలు అనాలనుకుని ఆయన వంక చూశాను. ఆయన ఆ వేలాడుతున్న చుక్క వంక చూస్తున్నారు, దీపం కొండెక్కుతున్నంత బెంగగా. పొద్దున తిన్న పెసరట్లు కూడా గుర్తొచ్చాయి. ముగ్గురికీ ఇంకో టీ చెప్పాను.

ఇక వీర్రాజు తీర్పు చెప్పాడు. "ఒక్కసారే కడిగేత్తే ఈ మడ్డంతా కదిలి, లోపల సన్నదారులుంటాయి సూడండి, ఆటికి అడ్డం పడిపోద్ది. ఇంజను పట్టేత్తాది. నానబెట్టి కొంచెం కొంచెంగా తియ్యాల. ఓ డబ్బా కొత్తది పొయ్యండి, మెల్లగా ఎల్లండి, పైఊళ్ళో తీసెయ్యండి, మళ్ళీ పొయ్యండి. ఊరికో డబ్బా. నరసాపురం ఎల్లేసరికి బావుంటే బావుంటాది."

"బావుండకపోతే?"

"తోసుకోడానికి ఎత్తుపల్లాలేం లేవు కదండి మన సీమలో. సదును రోడ్డే."

ఆ 'తోసుకోడం' అన్న మాట వినగానే శారద పెట్టె కళ్ళ ముందు కనపడింది.

ఇక్కడ పేర్రాజుగారు ఒక షరతు పెట్టారు. దీపంలో నూనె నలుగురూ తొక్కే చోట పొయ్యకూడదట. ఈ బండిలోంచి వచ్చిన ఆయిలు చుక్క కూడా నేల మీద పడకూడదు, దేనికో దానికి ఉపయోగపడాలి. వీర్రాజు ఎప్పటిలా బండిని షెడ్డు వెనక గోతి మీదకి జరిపి కార్చబోతే ఈయన అరచెయ్యి అడ్డం పెట్టారు. అరచెయ్యి నిండాక నేను బేసిను పెట్టాను. ఆ పాకం మొత్తం కారడానికి రాత్రంతా బండిని ఓ పక్కకి వంచి ఉంచాల్సి వచ్చింది. మేము బజార్లో ఒక లాడ్జిలో పడుకున్నాం. భోజనం పదిహేను రూపాయలు, అడగకుండానే రెండోసారి వడ్డన. చేప మాత్రం లేదు. మా ఊళ్ళో చేప లేకుండా భోజనం పెడితే హోటలువాడితో దెబ్బలాటకి దిగుతారు. ఇక్కడ గుత్తివంకాయ వేసి నోరు మూయించారు.

మర్నాడు పొద్దున షెడ్డు దగ్గర ఒక ఎడ్లబండి ఆయన నిలబడి ఉన్నాడు. ఇరుసుకి కందెన కావాలట. మామూలుగా ఆముదంలో మసి కలిపి రాస్తారు, ఇది మసి కలిపే పని కూడా లేకుండా తయారై ఉంది. పేర్రాజుగారు బేసిను రెండు చేతుల్తో అందించారు. ఎడ్లబండి చప్పుడు లేకుండా కదిలి వెళ్ళిపోతుంటే ఆ వెళ్ళే వైపే చూస్తూ నిలబడ్డారు. "చూశారా అల్లుడుగారూ, ఎంత హాయిగా వెళ్తోందో" అన్నారు.

కోటిపల్లి రేవు

ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి చేరాం. ఇంజను ఏడుపు తగ్గి మూలుగులోకి దిగింది. గౌతమి దాటడానికి పంటు ఎక్కాలి. రెండు పడవలు పక్కపక్కన కట్టి, పైన బల్లలు పరిచి, మనుషుల్నీ బళ్ళనీ గేదెల్నీ ఒకే టిక్కెట్టు మర్యాదతో దాటిస్తారు. పంటు వచ్చేలోపు రెండో డబ్బా మార్పు మొదలుపెట్టాం. పొద్దున పోసినప్పుడు తేనెలా ఉన్న ఆయిలు కాటుకలా వచ్చింది.

రేవులో ఎవరో ఒకరు అడుగుతారనుకున్నాం. ఒక్కరూ అడగలేదు. పంటు ఇంజన్లోంచి తీసిన నల్లనూనె వాళ్ళ దగ్గరే డబ్బాల కొద్దీ ఉంది. పైగా మమ్మల్నే తీసుకుపొమ్మన్నారు. పేర్రాజుగారు మొహమాటానికి ఒక డబ్బా పుచ్చుకున్నారు. వద్దంటే ఏమనుకుంటారో అట. నల్లనూనె వదిలించుకోవడానికి రేవుకి వెళ్ళి, రెట్టింపు చేసుకుని పంటెక్కాం.

పంటు మీద ఆయనకో నియమం ఉంది. నీళ్ళ మీద ఉన్నంతసేపూ పెట్రోలు టాపు మూసెయ్యాలి. కూర్చుని, టాపు తిప్పి మూసి, ఒళ్ళో ఒక్కో కాలి మీద ఒక్కో డబ్బా పెట్టుకున్నారు. నది మధ్యలో ఒక గేదె తల విదిలించింది. ఒక డబ్బా వొలికి నా తెల్ల ప్యాంటు మోకాలి దాకా నల్లబడింది.

"నేల మీద పడలేదు కదా" అన్నారు పేర్రాజుగారు, తృప్తిగా.

ముక్తేశ్వరంలో దిగి, టాపు తెరిచి, అమలాపురం దారి పట్టాం.

అమలాపురం, అంబాజీపేట

అమలాపురంలో మెకానిక్కు పుల్ల తీసి చూసి, ఎవరు చెప్పారండి ఇలా నానబెట్టమని అన్నాడు. రామచంద్రపురం అన్నాం.

"అదే అనుకున్నాను. ఆళ్ళకి ఇంజనంటే రైసుమిల్లేనండి. డీజిలు పోసి గలగలా ఆడించి ఒక్క దెబ్బకి కడిగి పారెయ్యాల. ఊరికో డబ్బా ఏంటండి, తీర్థయాత్రా?"

రెండు ఊళ్ళు, ఇద్దరు మెకానిక్కులు. ఇద్దరూ ఒకే ధైర్యంతో ఒకదానికొకటి పొసగని మాటలు చెప్పారు. ఎవరు కరెక్టో నాకు ఇవాళ్టికీ తెలీదు. మెకానిక్కు డీజిలు డబ్బా ఎత్తాడు. పేర్రాజుగారు ఇంజను కన్నం మీద అరచెయ్యి వేసి మూసేశారు.

"ఏవండీ, మీ ఇంట్లో పాలు తోడేస్తారా?"

"ఏత్తారండి."

"పాత పెరుగు చుక్క లేకుండా తోడుకుంటుందా?"

మెకానిక్కు చాలాసేపు ఆలోచించాడు. దానికీ దీనికీ సంబంధం లేదని ఆయనకి తెలుసు, కానీ ఎక్కడ లేదో చెప్పలేకపోయాడు. "మీ ఇష్టమండి. దారిలో ఆగిపోతే మాత్రం నా పేరు చెప్పకండి" అని డీజిలు దించేశాడు. మూడో డబ్బా పోయించుకుని బయటపడ్డాం.

అక్కడి నుంచి పక్కింటివాళ్ళ ఫోనుకి చేసి శారదని పిలిపించాను.

"రేపు మధ్యాహ్నానికి వచ్చేస్తున్నాను."

"బండి మీదేనా అండి?"

"దాదాపు."

"పెట్టె సర్దేశాను. లోపల పెట్టలేదు, అరుగు మీదే ఉంది" అని ఫోను పెట్టేసింది. ఆ రాత్రి నాకు భోజనం సయించదనుకున్నాను. సయించింది. ఎందుకంటే అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసే ఒక ఆయన, మా డబ్బాలు చూసి తనే ఆపాడు. కొబ్బరికాయలు పోసే కొట్టు గుంజలకి చెదలు పట్టాయట, నల్లనూనె రాస్తే పోతాయట. ఉన్నదంతా తీసుకుని, బదులుగా మమ్మల్ని కదలనివ్వలేదు. కొబ్బరి పచ్చడి, కొబ్బరి అన్నం, కొబ్బరి లౌజు, మంచం కింద కూడా కొబ్బరికాయలే. వసారాలో పడక. చెదలకి మందిచ్చిన వైద్యుల్లా చూసుకున్నారు.

పొద్దున పొట్టిక్కలు తినిపించందే వదల్లేదు. పనసాకులు బుట్టలా కుట్టి అందులో ఇడ్లీ పిండి పోసి ఉడికిస్తారు. ఆకు వాసన పిండికి పడుతుంది. మా ఊళ్ళో ఇడ్లీని చట్నీ కాపాడాలి. దీనికి ఏ సాయమూ అక్కర్లేదు. శారదకి రెండు కట్టించుకున్నాను. పెట్టె పట్టుకుని బస్సెక్కితే దారిలో తింటుందని కూడా మనసులో ఒక మూల అనుకున్నాను, అనుకున్నందుకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

సఖినేటిపల్లి రేవు

గన్నవరంలో నది మీంచి కాలవ వెళ్ళే అక్విడక్టు వంతెన దాటి రాజోలు చేరేసరికి ఇంజను మూలుగు కూడా మానేసింది. రాజోల్లో పేర్రాజుగారు చివరి మార్పుకి డ్రమ్ములోంచి లూజు ఆయిలు కొన్నారు. పామాయిలు ఖాళీ డబ్బాలు రెండు, తెల్లవి, ఒకేలాంటివి సంపాదించి, ఒకదాన్లో అది పోయించారు.

సఖినేటిపల్లిలో అంతర్వేది రోడ్డు కనిపించగానే బండి స్లో చేశాను. "స్వామి ఇటండి."

"స్వామి ఎక్కడికి పోతాడండి? తిరిగి వెళ్ళేటప్పుడు చూస్తాను. పదండి" అన్నారు.

వశిష్ఠ అవతలి గట్టున మా ఊరు కనిపిస్తోంది. పంటు ఇంకా అటే ఉంది. చివరిసారి బోల్టు విప్పి, ఖాళీ డబ్బా కింద పెట్టాం. విప్పీ విప్పగానే ధార కట్టింది. ఎండలో ఆ ధార బంగారంలా మెరిసింది. పేర్రాజుగారు డబ్బా పైకెత్తి వెలుగుకి పట్టి చూశారు. "అల్లుడుగారూ, లోపల దీపం తేటపడిందండి" అన్నారు.

గట్టు మీద బోర్లించిన పడవ దగ్గర నూకరత్నం అని ఒక బెస్తావిడ ఎండుచేపలు ఆరబెడుతోంది. "ఆ పాతాయిలు పారబోత్తారా బాబు? మా నావకి రాసుకుంటాం" అంది. పారబొయ్యం కాబట్టి, పేర్రాజుగారు సంతోషంగా డబ్బా ఇచ్చేశారు. నేను రెండో డబ్బాలోది ఇంజన్లో పోసి బోల్టూ మూతా బిగించాను.

కాసేపటికి నూకరత్నం ఖాళీ డబ్బా పట్టుకుని వచ్చింది. మొహం చిన్నబుచ్చుకుంది.

"ఇదేం పాతాయిలు బాబుగారూ? నలుపే లేదు. నీళ్ళలాగుంది. ఇది సెక్కలోకి దిగదు. మంచిదుంటే ఇయ్యండి."

నేను పేర్రాజుగారి వంక చూశాను. ఆయన నా వంక చూశారు. రెండు డబ్బాలూ తెల్లవే. రెండింట్లో ఆయిలూ ఒకేలా ఉంది.

"మీరు ఏ డబ్బా ఇచ్చారండి?"

"పాతది. మీరు ఏది పోశారు?"

"రెండోది."

"అయితే అది కొత్తదే కదా."

"మీరిచ్చింది పాతదైతే."

ఆయన వేలితో డబ్బా అడుగు తుడిచి, రెండు వేళ్ళ మధ్య రాసి, వాసన చూసి, నాకు చూపించారు. ఎవరికీ ఏమీ తేలలేదు. మూడు రోజులు ఏ నలుపుని చూసి ఏడ్చామో, ఆ నలుపు ఒక్క చుక్క ఉంటే ఈ అనుమానమే ఉండేది కాదు. నూకరత్నానికి ఇదేం గొడవో అర్థం కాలేదు. "నల్లది అంబాజీపేటలో చెదలకి పోసేశామమ్మా" అని పేర్రాజుగారు ఆవిడకి క్షమాపణ చెప్పుకున్నారు. ఇంతలో పంటు వచ్చేసింది. ఇంజన్లో ఉన్నది కొత్తదో పాతదో తెలియకుండానే ఎక్కాం. దాటినంతసేపూ పేర్రాజుగారు ఖాళీ డబ్బాల్ని మార్చి మార్చి చూస్తూనే ఉన్నారు.

నరసాపురం

రేవులో దిగి కిక్కు కొడితే ఒక్క దెబ్బకి స్టార్టయింది. పేర్రాజుగారు వెనక ఎక్కారు. లేసు కంపెనీ దాటాను, మార్కెట్టు దాటాను. ఆదివారం, దుకాణాలు సగం మూసి ఉన్నాయి. తెలిసినవాళ్ళు ఇద్దరు చెయ్యెత్తి పలకరించారు. నేను జన్మలో అంత గర్వంగా మా ఊళ్ళో తిరగలేదు. మా వీధి మలుపు తిరిగాను. అరుగు మీద శారద కనిపించింది, పక్కన తాడు కట్టిన పెట్టె.

సరిగ్గా అక్కడ ఇంజను రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది.

కిక్కు కొట్టాను. మళ్ళీ కొట్టాను. ఎక్కడా ఉలుకూ పలుకూ లేదు. పాత ఆయిలే పోశానన్నమాట, మడ్డి అడ్డం పడిందన్నమాట, అమలాపురంవాడే కరెక్టన్నమాట. ఇంటికీ మాకూ మధ్య నాలుగిళ్ళున్నాయి. నాలుగిళ్ళవాళ్ళూ బయటికొచ్చారు. శారద లేచి నిలబడింది. చెయ్యి పెట్టె మీద ఉంది. నేను దిగి హ్యాండిలు పట్టుకున్నాను. తొయ్యడం తప్ప ఏం మిగిలింది?

"తొయ్యకండి అల్లుడుగారూ" అన్నారు పేర్రాజుగారు.

ఆయన నెత్తి మీద అరచేత్తో కొట్టుకున్నారు. వంగి, ట్యాంకు కిందకి చెయ్యి పోనిచ్చి, టాపు తిప్పారు. "పంటు మీద మూశానండి. ఆ డబ్బాల గొడవలో తెరవడం మర్చిపోయాను. పైపులో మిగిలిందాంతో ఇక్కడి దాకా వచ్చిందండి తల్లి."

పెట్రోలు దిగేదాకా ఆగి కిక్కు కొట్టాను. మొదటి దెబ్బకి లేదు. రెండోదానికి లేచింది. ఏడుపు లేదు, మూలుగు లేదు, మెత్తగా కొట్టుకుంటోంది. నాలుగిళ్ళూ దాటి, ముందు చక్రం మా గుమ్మం మెట్టుకి తాకేదాకా నడిపి, అప్పుడు ఆపాను.

శారద బండిని చూసింది, నా ప్యాంటుని చూసింది, ఇద్దరి మోచేతుల దాకా ఉన్న నలుపుని చూసింది.

"అల్లుడుగారూ అంటున్నారేంటండి? నాకు తెలిసి మీకు మామగారు మా నాన్న ఒక్కరే. ఈయనెవరు?"

నేను నోరు తెరిచేలోపు పేర్రాజుగారు దణ్ణం పెట్టారు. "మేము బండి తరఫువాళ్ళమమ్మా" అన్నారు.

శారద నవ్వాపుకోలేకపోయింది. ఆ సముద్రం ఒడ్డు ఊరికి వెళ్ళే బస్సు వీధి చివర హారన్ కొట్టి వెళ్ళిపోవడం అందరం విన్నాం. ఆవిడ వంగి పెట్టెకి కట్టిన తాడు విప్పింది. మడతలన్నీ పక్కకి తోసి, అడుగు నుంచి ఒక పాత నేతచీర లాగి, అంచు పట్టుకుని పర్రున చింపి, చెరో ముక్కా మా చేతుల్లో పెట్టింది.

"ముందు శుభ్రంగా తుడుచుకోండి. రేపు బడికెళ్ళేటప్పుడు నా చీరకి ఆ నలుపు ఒక్క మరక అంటినా ఊరుకోను" అంది.

నేను చేతులు తుడుచుకున్నాను. పేర్రాజుగారు తుడుచుకోలేదు. గుడ్డని శుభ్రమైన వైపుకి మడిచి, ముందు వెనక సీటు తుడిచారు.